వ్యాపారం పెరిగే కొద్దీ యజమాని విలువలు మారిపోతాయా?

చిన్నగా మొదలైనప్పటి విలువలు కంపెనీ పెద్దదయ్యాక ఎందుకు మారతాయని అడిగారు. నా ఉద్దేశంలో విలువ పేరు మారదు, అది ఎవరెవరికి వర్తిస్తుందన్నదే మారుతుంది.

భీమవరం వైపు రొయ్యల వ్యాపారమే చూడండి. మొదట్లో నిజాయితీ అంటే చెరువు గట్టు మీద కాటా సరిగ్గా వేయడం, 30 కౌంట్‌ని (కిలోకి 30 తూగే పెద్ద రొయ్యల్ని) 40 అనకపోవడం, రైతుకి చెప్పిన రోజున డబ్బివ్వడం. ఎగుమతిలోకి వెళ్లాక క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి నిషేధిత మందుల అవశేషాలు దొరికితే యూరప్‌లో సరుకు వెనక్కి కొడతారు. అప్పుడు ఎన్నడూ చూడని మనిషి తినే తిండి గురించి ఆలోచించాలి. ముందు నష్టం వస్తుందన్న టెన్షన్‌తోనే ఆలోచిస్తారు, తప్పేం లేదు. కొందరికి అదే పట్టుదలగా మారుతుంది. చెరువు నీళ్లు కలిసే డ్రెయిన్, దాని పక్కన ఊళ్లు ఆ తర్వాత కనిపిస్తాయి. చాలామందికి ఇంకా కనిపించలేదు, నా బాధ అదే.

తణుకులో ముళ్లపూడి హరిశ్చంద్రప్రసాద్ గారు 1947లో పెట్టిన ఆంధ్రా షుగర్స్, చెరకుతో మొదలై ఇస్రోకి రాకెట్ ఇంధనం అందించే దాకా వెళ్లింది. ‘నాణ్యత’ అన్న మాటకి అక్కడ ఎంత బరువు పెరిగి ఉంటుందో ఊహించండి.

అప్పు మెడ మీదకొస్తే, విలువ ఎవరెవరికి వర్తిస్తుందన్న ఈ పరిధి కుంచించుకుపోతుంది కూడా. అలాంటప్పుడు యజమాని ముందుగా ఎవరి బకాయి తీరుస్తున్నాడో గమనించండి.