టెక్ సందేహాలు: ఒక్క కీతో మొరాయించే ఎమ్యులేటర్

ప్రశ్న: పాత పీసీ ఏటీ కంప్యూటర్‌ని అనుకరించే ఎమ్యులేటర్‌ని సి భాషలో రాస్తున్నాను. డాస్ బూట్ అవుతోంది, గడియారం నడుస్తోంది. కీబోర్డు మాత్రం మొదటి కీ తీసుకుని ఇక పలకడం లేదు. అంతకుముందూ కాస్త మందకొడిగానే ఉంది. తప్పు ఎక్కడ?

జవాబు: గడియారం ఆడుతూ కీబోర్డు ఒక్కటే ఆగిందంటే ముందు 8259 కోడ్‌ను అనుమానించండి. పరికరాల ఇంటరప్టులను, అంటే సీపీయూని పిలిచే సంకేతాలను, ప్రాధాన్యం చూసి అందించే చిప్ అది. అందులో టైమర్ ఐఆర్‌క్యూ (ఇంటరప్ట్ లైను) 0, కీబోర్డు ఐఆర్‌క్యూ 1. సీపీయూ ఇంటరప్ట్ అందుకోగానే ఆ బిట్ ఐఆర్‌ఆర్ (వేచి ఉన్నవాటి రిజిస్టర్) నుంచి ఐఎస్‌ఆర్‌కి (నడుస్తున్నవాటి రిజిస్టర్) మారి, ఈఓఐ ('పని అయింది' అనే ఆదేశం) వచ్చేదాకా అక్కడే కూర్చుంటుంది. అది ఉన్నంతసేపూ అదే నంబరుకీ, దాని కింది ప్రాధాన్యం వాటికీ దారి ఉండదు. టైమర్‌ది పైస్థానం కనుక దానికేం అడ్డులేదు.

కీబోర్డు ఆగిన క్షణంలో ఐఎస్‌ఆర్ ప్రింట్ చేయండి (ఇక్కడ రిజిస్టర్, పోర్ట్, కీ విలువలన్నీ హెక్స్‌లోనే). 02 వస్తే ఈఓఐ అందలేదు. పోర్ట్ హెక్స్ 20కి వచ్చిన విలువను మీరు 20తో మాత్రమే పోలుస్తున్నారేమో చూడండి. కొన్ని ప్రోగ్రాములు 61 రాస్తాయి, అంటే ఐఆర్‌క్యూ 1ని మాత్రమే తీసెయ్యమని. 20 వస్తే అన్ని బిట్లూ తుడిచేయకండి, పై ప్రాధాన్యమున్న ఒక్కటే పోవాలి.

ఐఎస్‌ఆర్ 00 ఉండి, కీబోర్డు బఫర్‌లో బైట్లు మిగిలితే జబ్బు వేరు. 'టి' నొక్కితే 14, వదిలితే 94 వస్తాయి. ఏటీలో 8259 చూసేది లైను పైన ఉందా అని కాదు, కింద నుంచి పైకి లేచిందా అని. పోర్ట్ 60 చదవగానే లైను దించాలి, తర్వాతి బైటుకి మళ్లీ లేపాలి. దించడం మరిస్తే 94 అక్కడే ఇరుక్కుంటుంది.

మందకొడితనానికి ఎస్‌టీఐ (ఇంటరప్టులను అనుమతించే ఇన్‌స్ట్రక్షన్) కారణం కావచ్చు. ఇంటరప్టులు ఆపి ఉన్నప్పుడు ఎస్‌టీఐ వస్తే, దాని తర్వాతి ఇన్‌స్ట్రక్షన్ పూర్తయ్యాకే ఇంటరప్ట్ తీసుకోవాలి. ఎస్‌టీఐ, హెచ్‌ఎల్‌టీ (ఇంటరప్ట్ వచ్చేదాకా సీపీయూని ఆపేది) జంట మధ్య మీరు ఇంటరప్ట్‌ను దూర్చితే కీ పని ముందే అయిపోతుంది, ఆపైన సీపీయూ నిద్రపోతుంది. సెకనుకు 18.2 సార్లు వచ్చే టైమరే లేపాలి, అంటే 55 మిల్లీసెకన్ల దాకా నిరీక్షణ. ఎస్‌టీఐ తర్వాత ఒక్క ఇన్‌స్ట్రక్షన్ ఆగాలని గుర్తుంచే ఒక ఫ్లాగ్ పెడితే సరిపోతుంది. అన్నట్టు, హెచ్‌ఎల్‌టీ నుంచి లేచినప్పుడు స్టాక్‌లోకి నెట్టాల్సింది దాని తర్వాతి చిరునామా. హెచ్‌ఎల్‌టీదే నెడితే లేచిన ప్రతిసారీ మళ్లీ పడుకుంటుంది.

గడియారం ఇప్పుడు బాగానే ఉన్నా, హోస్ట్ (ఎమ్యులేటర్ నడిచే మీ కంప్యూటర్) బిజీ అయిన రోజున వెనకబడుతుంది. ఐఆర్‌ఆర్‌లో టైమర్‌కి ఉన్నది ఒక్క బిట్టే. మూడు టిక్కులు ఒకేసారి వస్తే రెండు గల్లంతు. బాకీ టిక్కుల్ని విడిగా లెక్కపెట్టి, ఒక్కో ఈఓఐ తర్వాత ఒకటి చొప్పున ఇవ్వండి. అసలు చిప్ కూడా పోగొట్టుకుంటుంది కదా అనొచ్చు. నిజమే, కానీ ఇక్కడ ఆలస్యం గెస్ట్‌ది (ఎమ్యులేటర్ లోపలి పీసీది) కాదు, మీ హోస్ట్‌ది.