సైకాలజిస్టు పనికి పరీక్ష పెట్టేదెవరు?

ప్రశ్న: మా అమ్మాయి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సైకాలజీ పీహెచ్‌డీ ముగింపు దశలో ఉంది. చుట్టాలు అప్పుడే ‘డాక్టరమ్మ’ అంటున్నారు. కిందటేడాది మా అక్క కొడుకును ద్వారకానగర్‌లోని ఒక కౌన్సెలింగ్ సెంటరుకు ఎనిమిది సిట్టింగులు తిప్పాం. గోడ నిండా ఫ్రేము కట్టిన సర్టిఫికెట్లు ఉన్నాయి గాని వాటిలో ఏది చదువో, ఏది రెండు రోజుల వర్క్‌షాపో మాకు తెలియలేదు. పిల్లవాడికి ఒరిగిందేమీ లేదు. అమెరికాలో డాక్టరేటు ఉన్న సైకాలజిస్టులు తమంతట తాము వెళ్ళి రాసే జాతీయ బోర్డు పరీక్ష ఒకటి ఉందని మా అమ్మాయి చెబుతోంది. అటువంటిది మన దేశంలోనూ పెట్టవచ్చా? పెడితే అది గోడ మీద మరో కాగితం అవుతుందేమో కదా?
— ఒక పాఠకురాలు, సీతమ్మధార, విశాఖపట్నం

జవాబు: పెట్టవచ్చు. అది మరో కాగితంగా మిగులుతుందా లేదా అన్నది పరీక్షలో ఏమి అడుగుతారన్న దాన్ని బట్టి ఉంటుంది.

మీ అమ్మాయి చెప్పింది అమెరికన్ బోర్డ్ ఆఫ్ ప్రొఫెషనల్ సైకాలజీ గురించి. అది 1947లో కొంచెం వేరే పేరుతో మొదలై, 1968లో ఇప్పటి పేరు పెట్టుకుంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, తిరిగివచ్చిన సైనికుల మానసిక చికిత్స కోసం అక్కడ సైకాలజిస్టులు పెద్ద సంఖ్యలో కావలసివచ్చారు. అనుభవజ్ఞుడెవరో, పేరు పక్కన అక్షరాలు తగిలించుకున్నవాడెవరో జనానికి తెలిసే దారి లేకపోవడంతో, ఆ వృత్తిలోని పెద్దలే పూనుకొని తమలో తాము పరీక్ష పెట్టుకున్నారు. ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. ఆనాటికి సైకాలజిస్టులకు సంబంధించిన చట్టం ఉన్నవి 1945లో కనెక్టికట్, 1946లో వర్జీనియా అనే రెండు రాష్ట్రాలే. చివరి రాష్ట్రమైన మిస్సోరీకి చట్టం వచ్చేసరికి 1977 అయింది. కనుక ముందు ప్రభుత్వం చట్టాలన్నీ సరిచేయాలి, ఆ తరువాతే బోర్డు సంగతి అని మన సైకాలజీ సభల్లో వినిపించే మాటకు చరిత్ర ఆధారం లేదు.

లైసెన్సుకూ బోర్డు ధ్రువీకరణకూ తేడా ఉంది. లైసెన్సు లేకుండా అక్కడ ప్రాక్టీసు పెట్టకూడదు. బోర్డు మాటకొస్తే, అది లేకపోయినా ఎవరూ ఆపరు, అందుకే దాని కోసం వెళ్ళేవారు కొద్దిమందే. వెళ్ళినవారి చదువు, శిక్షణ, లైసెన్సు మొదట పరిశీలిస్తారు. ఆ తరువాత అభ్యర్థి తాను నిజంగా చేసిన పనికి నమూనా ఇవ్వాలి. చాలా విభాగాల్లో అది క్లయింటుతో జరిపిన సిట్టింగు రికార్డింగు, దానితోపాటు తన పద్ధతిని వివరించే వ్యాసం. అప్పటికే బోర్డు పొందిన తోటి సైకాలజిస్టులు దాన్ని చూసి, ఎదురుగా కూర్చోబెట్టి మౌఖిక పరీక్ష చేస్తారు. ఇరవయ్యో నిమిషంలో ఆ తల్లి ఏడుస్తుంటే మీరు వెంటనే మాట మార్చారు, ఎందుకు మార్చారు, అది ఆమె కోసమా, మీ ఇబ్బంది తప్పించుకోవడానికా అని అడిగితే ఏ పాఠ్యపుస్తకమూ అక్కరకు రాదు. వృత్తి నీతి మీద కూడా ప్రశ్నలుంటాయి. 2015 నుండి ఉత్తీర్ణులైనవారు పదేళ్ళకొకసారి తమ యోగ్యతను మళ్ళీ చూపించుకోవాలి.

మహారాణిపేటలో డాక్టర్ల పేరు పలకల మీద డి.ఎన్.బి. అన్న అక్షరాలు మీరు చూసే ఉంటారు. అది 1975లో ఏర్పడిన జాతీయ పరీక్షా మండలి ఇచ్చే అర్హత. కాని అది చదివి పొందే పట్టా. నేను చెబుతున్నది చదువు పూర్తయి, పనిలో దిగినవారికి పెట్టే పరీక్ష.

ఇక మన చట్టాలు. 1992 నాటి చట్టం ప్రకారం క్లినికల్ సైకాలజిస్టుగా, అంటే మానసిక సమస్యలను గుర్తించి చికిత్స చేసే సైకాలజిస్టుగా పనిచేయడానికి, పునరావాస రంగ వృత్తులను నియంత్రించే కేంద్ర సంస్థ రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్టరులో పేరుండాలి. దానికి చాలాకాలం ప్రధానమైన దారిగా ఉన్నది పర్యవేక్షణలో ఆసుపత్రి శిక్షణతో కూడిన రెండేళ్ళ ఎం.ఫిల్. ఉల్లంఘిస్తే ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అని చట్టం చెబుతుంది. ఆ వెయ్యి రూపాయలను మీరు ఎనిమిది సిట్టింగులకు కట్టిన ఫీజుతో పోల్చి చూసుకోండి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా క్లినికల్ సైకాలజిస్టును ఈ కౌన్సిల్ గుర్తింపుతోనే నిర్వచించింది. మిగిలిన సైకాలజిస్టులను 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం తన పరిధిలోకి తెచ్చింది.

అమెరికా నమూనాను ఉన్నదున్నట్టు దించుకుంటే చిక్కు వచ్చేది ఇక్కడే. అక్కడ ప్రాక్టీసు చేయదలచినవారి డాక్టరేటులో ఇంటర్న్‌షిప్ భాగం. మన పీహెచ్‌డీ ప్రధానంగా పరిశోధన. ఆరు వందల మంది విద్యార్థులకు ప్రశ్నావళి పంచి, లెక్కలు కట్టి, ఒక్క క్లయింటు ముందూ కూర్చోకుండానే డాక్టరు కావచ్చు. రెండేళ్ళు వార్డుల్లో తిరిగిన ఎం.ఫిల్. వారికి మాత్రం ఆ బిరుదు ఉండదు. డాక్టరేటునే గడపగా పెడితే పని వచ్చినవారు బయట, రానివారు లోపల ఉండిపోయే ప్రమాదం ఉంది. నా అభిప్రాయంలో డాక్టరేటుతోపాటు పర్యవేక్షణలో చేసిన ప్రాక్టీసు గంటలను కూడా షరతుగా పెట్టాలి. డాక్టరేటు లేని ఎం.ఫిల్. వారికి వేరే ద్వారం తెరవాలి.

రెండో చిక్కు భాష. చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలకు శ్రీకాకుళం వైపు నుండి వచ్చిన ఒకామె ‘గుండెల్లో ఒకటే గాభరాగా ఉంటందండీ, ఒళ్ళంతా లాగేస్తంది’ అన్నదనుకోండి. అందులో భయమెంత, దిగులెంత, అత్తింటి మాట ఎంత అన్నది ఆ యాస తెలిసినవారికే అందుతుంది. ఆ సిట్టింగును ఇంగ్లీషులోకి మార్చి ఢిల్లీలో కూర్చున్న పరీక్షకులకు ఇస్తే, వారు చూసేది అనువాదాన్నే తప్ప అభ్యర్థి పనిని కాదు. జాతీయ బోర్డు అంటే ఏ భాషలో పని జరిగిందో ఆ భాషలో చూడగల పరీక్షకులు ఉండవలసిందే.

మొదటి పరీక్షకులకు పరీక్ష ఎవరు పెడతారన్నది పాత ప్రశ్న. అమెరికాలోనూ తొలినాళ్ళలో కొందరు సీనియర్లను పరీక్ష లేకుండానే చేర్చుకున్నారు. మన దగ్గర ఆ సందు తెరిస్తే మూసేవారుండరని నా భయం. పెద్దరికం చూసి ఊరికే ఇచ్చేస్తే మీరన్నట్టు గోడ మీద కాగితమే అవుతుంది.

మీ అమ్మాయి విషయానికి వస్తే, పీహెచ్‌డీ ఒక్కటే ఆమెను క్లినికల్ సైకాలజిస్టును చేయదు. ప్రాక్టీసు ఆమె ఉద్దేశమైతే కౌన్సిల్ గుర్తించిన కోర్సు చేసి రిజిస్ట్రేషన్ తెచ్చుకోవాలి. శిక్షణలో చేరిన మొదటి నెల నుండే, క్లయింటు రాతపూర్వకంగా ఒప్పుకున్న సిట్టింగులను రికార్డు చేసి, గైడుతో కలిసి విని, ఎక్కడ తొందరపడిందో ఒక నోటుబుక్కులో రాసుకోమనండి. మీ అక్కగారి అబ్బాయిని ఈసారి తీసుకువెళ్ళినప్పుడు ఫీజు కట్టకముందే కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. ఆ నంబరు సరైనదో కాదో కౌన్సిల్ వెబ్‌సైటులో మీరే చూసుకోవచ్చు.