ఫాలెన్ లీవ్స్ సినిమాలో నటులు ముఖంలో భావాలు ఎందుకు చూపించరు?

అది చేతకాని నటన కాదు, ఫిన్లాండ్ దర్శకుడు అకి కౌరిస్మాకి కావాలనే అలా చేయిస్తాడు. 1986లో వచ్చిన షాడోస్ ఇన్ ప్యారడైజ్ నాటి నుంచీ ఆయన పద్ధతి ఇదే: మాటలు పొడిగా, ముఖం నిశ్చలంగా, కెమెరా దాదాపు కదలకుండా. నటుడే ఏడ్చేస్తే ప్రేక్షకుడికి పని మిగలదు. ఏడవకుండా నిలబడితే ఆ బాధ ఎంతో మనమే ఊహించుకుంటాం. నవ్వు పుట్టేదీ అక్కడి నుంచే. ఎంత పెద్ద మాటైనా కూరగాయల ధర అడిగినంత మామూలుగా అనేస్తారు మరి.

2023 నాటి ఈ సినిమాలో, హెల్సింకిలో ఒంటరిగా బతికే అన్సా, తాగుడు అలవాటున్న కార్మికుడు హోలప్పాను ఇంటికి భోజనానికి పిలుస్తుంది. ఇంట్లో ఉన్నది ఒక్క మనిషికి సరిపడే సామానే. అందుకని దుకాణానికి వెళ్లి ఇంకో ప్లేటూ, ఫోర్కూ కొనుక్కొస్తుంది. ముఖంలో పెద్దగా ఏ మార్పూ ఉండదు. కానీ ఆ బల్ల దగ్గర రెండో మనిషి కూర్చుని ఎన్నాళ్లయిందో ఆ ప్లేటే చెప్పేస్తుంది. (సినిమా మొత్తంలో నాకు బాగా నచ్చిన చోటు ఇదే.)

ఫిన్లాండ్ జనమంతా ఇంతే, నవ్వరు, మాట్లాడరు అని చాలామంది అనుకుంటారు. వాళ్లకు మితభాషులన్న పేరున్న మాట నిజమే గానీ, ఈ బిగువు మాత్రం కౌరిస్మాకిదే. మిగతా ఫిన్నిష్ సినిమాల్లో పాత్రలు మామూలుగానే అరుస్తాయి, ఏడుస్తాయి. అన్నట్టు, అన్సాగా చేసిన అల్మా పోయిస్తికి ఈ పాత్రకే గోల్డెన్ గ్లోబ్ నామినేషన్ వచ్చింది.