బెంగళూరులో డెంటల్ హైజీన్ చదవాలంటే కాలేజీ ఎలా ఎంచుకోవాలి? ముందు ఓపీ హాల్లో కూర్చోండి

మీ చెల్లెలికి ఇంటర్ బైపీసీలో మార్కులు బాగానే వచ్చాయి, నీట్ ర్యాంకు బీడీఎస్‌కి చాలలేదు, బెంగళూరులో డెంటల్ హైజీన్ (పళ్లు శుభ్రం చేయడం, నోటి శుభ్రత నేర్పడం) డిగ్రీలో చేర్పించాలా డిప్లొమాలోనా, ఏ కాలేజీ మంచిది అని అడిగారు. నేను ఆ డిప్లొమానే చదివి జయనగర్ వైపు ఒక క్లినిక్‌లో పనిచేస్తున్నా కాబట్టి చెప్తున్నా. కాలేజీ పేర్లు మాత్రం నన్నడగొద్దు. పేరు చూసి చేరడం దగ్గరే తంటా అంతా మొదలయ్యేది.

నేను చెప్పేది ఒక్కటే. చేరాలనుకున్న కాలేజీకి పొద్దున పదింటికి వెళ్లి ఓపీ హాల్లో ఒక గంట కూర్చోండి. బెంచీల మీద జనం లేకపోతే లేచి వచ్చేయండి. విక్టోరియా ఆసుపత్రి ఆవరణలో ప్రభుత్వ దంత కళాశాల ఉంది కదా, ఒకసారి పొద్దున్నే అటు వెళ్లి చూడండి, జనం అంటే ఏంటో తెలుస్తుంది. అంత లేకపోయినా అందులో కొంతైనా ఉండాలి.

ఈ తెలివి నాది కాదు, మా నాన్నది. మాది కనిగిరి దగ్గర పల్లె. మా వైపు వాళ్లు ఇంటికొకరు బెంగళూరులో ఉంటారు. మారతహళ్లిలో ఉండే మా బాబాయికి ఎవరో కన్సల్టెన్సీ వాడు చెప్పాడని ముందు ఊరి బయట ఒక కాలేజీ చూడ్డానికి వెళ్లాం. అద్దాల బిల్డింగు, రిసెప్షన్‌లో కాఫీ మిషను. డెంటల్ చెయిర్లు వరసగా ఉన్నాయి గానీ వాటి ప్లాస్టిక్ కవర్లు కూడా ఇంకా తీయలేదు. "పేషెంట్లు ఏరండీ?" అని నాన్న అడిగితే అక్కడి కౌన్సెలర్ "క్యాంపులు పెడతాం సార్" అన్నాడు. నాన్న ఇంకేమీ అడగలేదు. బయటికొచ్చి బస్సెక్కాక మాత్రం "వీడు సీట్లు అమ్ముతున్నాడా, కుర్చీలు అమ్ముతున్నాడా?" అన్నాడు. బాబాయి మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

మర్నాడు సిటీలో ఒక పాత కాలేజీకి వెళ్లాం. గోడలకి సున్నం పెచ్చులు, ఫ్యాన్లు ఒకటి తిరిగితే ఒకటి తిరగదు. నేను ఆఫీసు ముందు క్యూలో నిలబడి ఉంటే వెనకాల నాన్న లేడు. వెతుక్కుంటూ వెళ్తే ఏముంది, ఓపీ చీటీ రాయించుకుని చెయిర్‌లో పడుకుని, మెడకి ఏప్రాన్ కట్టించుకుని, నోరు తెరిచి ఉన్నాడు!

నాన్న పళ్ల గురించి కొంచెం చెప్పాలి. పొగాకు పండిస్తాడు, చుట్ట కాలుస్తాడు. అది చాలదన్నట్టు మా నీళ్లు. కనిగిరి, పొదిలి, దర్శి వైపు నీళ్లలో ఫ్లోరైడ్ ఉందనీ, జనం ఎముకలు, పళ్లు పాడవుతున్నాయనీ డాక్టర్లు 1937లోనే రాశారు, అప్పటికి మేం నెల్లూరు జిల్లా. ఇన్నేళ్లయినా మా వైపు పళ్లు చూసి ఊరు చెప్పేయొచ్చు.

ఆ చెయిర్ దగ్గర ఉన్నది రెండో సంవత్సరం పిల్ల, హైజీనిస్ట్ కోర్సే. "బాయి తెగీరి" (నోరు తెరవండి) అని కన్నడంలో మొదలుపెట్టి, నాన్న తెల్లమొహం వేసేసరికి తెలుగులోకి వచ్చేసింది. పలమనేరు అమ్మాయట. నాన్న చేతికి అద్దం ఇచ్చింది. కింది పళ్ల వెనక గట్టిగా పేరుకున్నది చూపించి, "పెద్దాయనా, ఇది గార. మిషన్‌తో పోతుంది. చుట్ట మరక కూడా చాలావరకు పోతుంది. పైపళ్ల మీద ఈ గోధుమరంగు మచ్చలున్నాయి చూడు, ఇవి మీ ఊరి నీళ్లవి. పళ్లు చిన్నప్పుడు తయారయ్యేటప్పుడే లోపల పడ్డాయి. నేనెంత గీకినా పోవు. క్లీనింగ్‌తో పోగొడతామని ఎవరైనా అంటే డబ్బులియ్యొద్దు" అంది.

తర్వాత పని మొదలుపెట్టింది. పక్కనే మేడమ్ ఒకావిడ నిలబడి చూస్తూ, మధ్యలో ఆ పిల్ల మణికట్టు పట్టుకుని కొద్దిగా తిప్పి, మళ్లీ వదిలేసింది. అప్పుడు నాకు అర్థం కాలేదు గానీ చేరాక తెలిసింది, గార తీసే పనిముట్టు, అంటే స్కేలర్, దాని మొన పంటికి గుచ్చినట్టు కాకుండా వారగా ఆనించి పట్టాలి. ఎంత పుస్తకం చదివినా అది రాదు. మణికట్టు తిప్పే మనిషి ఒకరు పక్కన ఉండాలి, ముందు ఒక నోరు ఉండాలి. చిగురు కింద గార ఎలాగూ కంటికి కనపడదు, వేలికే తగలాలి. ప్లాస్టిక్ దవడల మీద నేర్చుకున్న వాళ్లకి అది తగలదు.

నాన్న పుక్కిలించి లేచి, ఇంకా మూతి తుడుచుకుంటూనే నాతో అన్నాడు: "ఈ పాపకి ఎవరో దగ్గరుండి నేర్పారు. రోజుకి ఎంతమందిని చూస్తావమ్మా అంటే సాయంత్రానికి నడుం పడిపోతుందంకుల్ అంది. ఇక్కడ చేరు." ఫీజెంతో అప్పటికి ఇంకా ఎవరమూ అడగలేదు.

ఊరెళ్లాక వేరే గొడవ. "బెంగళూరెళ్లి ఉన్న పళ్లు కదిలించుకొచ్చాడు" అని మా ఊళ్లో ఒకటే మాట. ఇది వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, మా క్లినిక్‌కి వచ్చే చదువుకున్న సాఫ్ట్‌వేర్ వాళ్లు కూడా ఇదే అంటారు. గార తీస్తే పళ్లు వదులవవండీ. ఏళ్ల తరబడి గార వల్ల చిగురు దిగి, ఎముక కరిగి పన్ను ముందే వదులై ఉంటుంది. ఆ గారే పక్క పన్నుకి అతికి ఉండి ఆ వదులు తెలియనివ్వదు. తీసేశాక తెలుస్తుంది. తిట్లు మాత్రం మాకు.

ఇక డిగ్రీనా డిప్లొమానా. డెంటల్ హైజీనిస్ట్ అనే వృత్తికి మన దేశంలో 1948 డెంటిస్ట్స్ చట్టంలోనే చోటుంది: డాక్టర్ కాకుండా పళ్లు స్కేలింగ్ (అంటే గార తీయడం), క్లీనింగ్, పాలిషింగ్ చేసేవారు, నోటి శుభ్రత నేర్పేవారు అని. దానికి డెంటల్ కౌన్సిల్ పెట్టిన కోర్సు రెండేళ్ల డిప్లొమా. ఆ చట్టం స్థానంలో తేవడానికి 2023లో నేషనల్ డెంటల్ కమిషన్ చట్టం చేశారు. బీఎస్సీ అని పెద్ద పేరు పెట్టి ఎవరైనా బ్రోచర్ చేతికిస్తే ఒక్కటే అడగండి: "ఈ సర్టిఫికెట్‌తో స్టేట్ డెంటల్ కౌన్సిల్‌లో హైజీనిస్టుగా రిజిస్ట్రేషన్ వస్తుందా? కాగితం మీద రాసిస్తారా?" నోటితో "అదేం ప్రాబ్లం లేదు మేడమ్" అంటే నమ్మకండి. రిజిస్ట్రేషన్ లేని డిగ్రీ కన్నా రిజిస్ట్రేషన్ ఉన్న డిప్లొమా వెయ్యి రెట్లు మేలు, ఇందులో నాకు రెండో మాట లేదు.

కెనడా, అమెరికా వెళ్లొచ్చు కదా అని మీరు చివర్లో రాశారు. ఈ ఆశ పెట్టేది కూడా ఆ కన్సల్టెన్సీ వాళ్లే. అక్కడ హైజీనిస్టులకి మంచి గౌరవం ఉన్న మాట నిజమే. కానీ అమెరికాలో లైసెన్సు కావాలంటే గుర్తింపు ఉన్న అక్కడి ప్రోగ్రాం చదవాలి, నేషనల్ బోర్డు పరీక్ష రాయాలి, ఆపైన ఏ రాష్ట్రం నియమాలు ఆ రాష్ట్రానివి. ఇక్కడి డిప్లొమా పట్టుకుని విమానం ఎక్కితే పని జరగదు. మన బీడీఎస్ డాక్టర్లే కొందరు అక్కడికెళ్లి మళ్లీ హైజీన్ చదువుతున్నారు. అన్నట్టు, ఈ చదువుకి మొదటి స్కూలు 1913లో అమెరికాలో బ్రిడ్జ్‌పోర్ట్ అనే ఊళ్లో ఆల్ఫ్రెడ్ ఫోన్స్ అనే డెంటిస్ట్ పెట్టాడు, అదీ ఒక గ్యారేజీలో. అద్దాల బిల్డింగు చూసి ముచ్చటపడే వాళ్లకి ఈ సంగతి చెప్తుంటాను.

ఉద్యోగం సంగతి దాచను. ఇక్కడ బీడీఎస్‌లు ఎక్కువ, చాలా చిన్న క్లినిక్‌లలో స్కేలింగ్ డాక్టరే చేసుకుంటారు. హైజీనిస్టుని పెట్టుకున్నా ఉమ్మి లాగే సక్షన్ గొట్టం పట్టుకోమంటారు, పనిముట్లని ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవ్ పెట్టమంటారు, ఖాళీగా ఉంటే ఫోన్లు ఎత్తమంటారు. ఇంటర్వ్యూలోనే "రోజుకి నా చేత ఎన్ని స్కేలింగ్‌లు చేయిస్తారు?" అని అడిగేయాలి. మొదటి జీతం పీజీ హాస్టల్ అద్దెకీ తిండికీ సరిపోతే అదే గొప్ప, చెయ్యి కుదిరాక పెరుగుతుంది. మా పెద్దమ్మ నా పెళ్లి సంబంధాల దగ్గర "డెంటల్ లైన్‌లో ఉంది" అని ఆపేస్తుంది, అవతలి వాళ్లు డాక్టరనుకుంటే అనుకోనీ అని. చుట్టాల పెళ్లిళ్లకి వెళ్తే మళ్లీ అందరూ నోరు తెరిచి చూపిస్తారు.

చేరేముందు ఇంకో రెండు అడగండి. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు పేషెంట్లని ముట్టుకునే లోపల కాలేజీ వేయిస్తుందా, లేక మీరే వేయించుకోవాలా? మూడో డోసు మొదటిదానికి ఆరు నెలలకి వస్తుంది, కాబట్టి సీటు ఖాయమైన రోజే మొదలుపెట్టేయండి. రెండోది, మీ చెల్లెలిది ఎడమచేతి వాటమా? అయితే స్టూలు చెయిర్‌కి రెండో పక్క వేసుకునే చోటు, ట్రే అటు తిరిగే వీలు ఉందేమో స్వయంగా కూర్చుని చూడమనండి. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి ఇది చూసుకోక, గోడకి ఆనించిన చెయిర్ దగ్గర మెడ వంచి వంచి చివరికి కుడిచేత్తో నేర్చుకుంది.