కీమోతో గడ్డ తగ్గింది కదా.. మళ్లీ ఆపరేషన్ ఎందుకు?

ప్రశ్న: మా తమ్ముడికి 26 ఏళ్లు. ఆయాసం, ఛాతీలో బరువు అంటుంటే స్కాన్ తీయించాం. గుండెకు ముందు 12 సెంటీమీటర్ల గడ్డ ఉందన్నారు. బయాప్సీలో ‘యోక్ శాక్ ట్యూమర్’ అని వచ్చింది. వీఐపీ అనే మూడు మందుల కీమో 4 సైకిళ్లు అయ్యాయి. 18 వేలు ఉన్న ఏఎఫ్‌పీ (ఈ ట్యూమర్ రక్తంలోకి వదిలే ప్రోటీన్) నార్మల్‌కి వచ్చింది, గడ్డ 6 సెంటీమీటర్లకు తగ్గింది. అయినా ఛాతీ తెరిచి మిగిలింది తీసేయాలంటున్నారు. కత్తి పెడితే క్యాన్సర్ పాకుతుందని బంధువులు భయపెడుతున్నారు. నెట్‌లో ఒకచోట 90 శాతం నయమవుతుందని, ఇంకోచోట సగం మందే బతుకుతారని ఉంది. ఏది నమ్మాలి?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ముందుగా ఒక మాట. ఆపరేషన్ చేయించండి, వాయిదా వేయకండి.

ఇది ఊపిరితిత్తుల క్యాన్సర్ కాదు. వీర్యకణాలు, అండాలు తయారుచేసే మూల కణాల నుంచి పుట్టి, మామూలుగా వృషణాల్లో, అండాశయాల్లో వచ్చే జర్మ్ సెల్ ట్యూమర్ అరుదుగా ఛాతీలోనే మొదలవుతుంది. ఈ జాతి ట్యూమర్లన్నిటిలో ఇలాంటివి 1 నుంచి 3 శాతమే. వీటిలో క్యాన్సర్ రకానివి ఎక్కువగా కుర్రాళ్లలోనే కనిపిస్తాయి.

మీరు చూసిన రెండు అంకెలూ నిజమే, కాకపోతే రెండు వేర్వేరు జబ్బులవి. ఛాతీలో ‘సెమినోమా’ రకం వస్తే సుమారు 90 శాతం మంది కోలుకుంటారు. యోక్ శాక్ ట్యూమర్ ‘నాన్ సెమినోమా’ రకం. ఇది ఛాతీలో పుడితే, మార్కర్లు (రక్తంలో ఏఎఫ్‌పీ లాంటివి) ఎంత ఉన్నా సరే, 1997 నాటి అంతర్జాతీయ వర్గీకరణ దీన్ని ఎక్కువ రిస్కు గ్రూపులోనే పెట్టింది. అయిదేళ్లు దాటేవాళ్లు సుమారు సగం మంది. వినడానికి కష్టంగానే ఉంటుంది. కానీ ఆ లెక్కలో కీమోకి లొంగనివాళ్లు కూడా ఉన్నారు. ఏఎఫ్‌పీ నార్మల్‌కి రావడంతో మీ తమ్ముడు ఆ గండం దాటాడు. అతని అవకాశాలు ఆ సగటు కంటే మెరుగ్గానే ఉంటాయి.

మిగిలిన 6 సెంటీమీటర్లలో ఏముందో ఏ స్కానూ కచ్చితంగా చెప్పలేదు. చచ్చిపోయిన కణజాలమే కావచ్చు, టెరటోమా (వెంట్రుకలు, ఎముక లాంటి రకరకాల కణజాలం ఉండే గడ్డ) కావచ్చు, బతికున్న క్యాన్సర్ కణాలూ కావచ్చు. బ్లడ్ రిపోర్టు నార్మల్‌గా ఉన్నా మూడోది లేదని చెప్పలేం. టెరటోమా కీమోకి కరగదు, పెట్ స్కాన్‌లో కూడా సరిగా తెలియదు. వదిలేస్తే పెరిగి గుండెను, రక్తనాళాలను నొక్కుతుంది. ఒక్కోసారి మరో రకం మొండి క్యాన్సర్‌గానూ మారుతుంది. పైగా ఛాతీలో ఈ జబ్బు తిరగబెడితే, వృషణాల్లో వచ్చినదానిలా రెండోసారి మందులకు తేలిగ్గా లొంగదు. అందుకే మొదటిసారే పూర్తిగా తీసేయాలని డాక్టర్లు పట్టుబడతారు. ఇక కత్తి పెడితే పాకుతుందన్న మాట ప్రతి క్యాన్సర్ గురించీ వింటుంటాను, అది అపోహే. ఆ మాట విని ఆగిపోయి, ఆలస్యంగా వచ్చినవాళ్లకే ఎక్కువ నష్టం జరుగుతుంది.

సాధారణంగా చివరి కీమో అయ్యాక 4 నుంచి 6 వారాల్లో, రక్తకణాలు కోలుకోగానే ఆపరేషన్ చేస్తారు. పెద్ద ఆపరేషనే. గడ్డతోపాటు థైమస్ (ఛాతీ ఎముక వెనకుండే గ్రంథి), గుండె పొర, అవసరమైతే ఊపిరితిత్తిలో కొంత ముక్క తీయాల్సి రావచ్చు. బ్లియోమైసిన్ అనే మందు ఉండే బీఈపీ కీమో బదులు వీఐపీ ఇవ్వడం కూడా ఇందుకే. బ్లియోమైసిన్ ఊపిరితిత్తులను దెబ్బతీయగలదు, అప్పుడు ఇంత పెద్ద ఆపరేషన్ కష్టమవుతుంది. తీసిన ముక్కలో చచ్చిన కణాలో, టెరటోమానో ఉంటే చాలా మంచి కబురు. బతికున్న క్యాన్సర్ కనిపిస్తే మరో రెండు సైకిళ్ల కీమో ఆలోచిస్తారు.

ఇలాంటి కేసులు చూసిన మెడికల్ ఆంకాలజిస్టు, ఛాతీ ఆపరేషన్లు చేసే థొరాసిక్ సర్జన్ ఒకేచోట ఉన్న ఆసుపత్రి ఎంచుకోండి. అందుకోసం ఊరు మారాల్సి వచ్చినా పర్వాలేదు. వృషణాలకు అల్ట్రాసౌండ్ చేయకపోతే ఇప్పుడైనా చేయించండి. క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్ (పుట్టుకతోనే ఒక ఎక్స్ క్రోమోజోమ్ అదనంగా ఉండటం) ఉన్న మగవాళ్లలో ఈ ట్యూమర్ ఎక్కువ కాబట్టి క్రోమోజోమ్ పరీక్ష గురించీ అడగండి. పెళ్లి కావాల్సిన కుర్రాడైతే ఇంట్లో ఎవరూ పైకి అనకపోయినా మనసులో ఉండే ప్రశ్న ఒకటుంది: పిల్లలు పుడతారా అని. కీమోకి ముందు వీర్యం దాచకపోయినా, చాలామందిలో కొన్నేళ్లలో వీర్యకణాలు మళ్లీ తయారవుతాయి. అప్పుడు పరీక్ష చేయించి చూడొచ్చు.

తిరగబెట్టడం ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే. ఆ రెండేళ్లు డాక్టర్ చెప్పిన తేదీలకు మార్కర్లు, సీటీ స్కాన్ తప్పించకండి. ఈ ట్యూమర్ ఉన్న కొద్దిమందిలో రక్త క్యాన్సర్ కూడా వస్తుంది. కాబట్టి ప్లేట్‌లెట్లు కారణం లేకుండా పడిపోయినా, జ్వరం తగ్గకపోయినా కీమో ప్రభావమే అనుకుని ఊరుకోకుండా, అదే రోజు మీ ఆంకాలజిస్టుకు చూపించండి.