పంపు కంటే ముందు బురద కలుపు

చిరంజీవి అబ్బాయికి, పెదనాన్న ఆశీస్సులు.

మరుగుదొడ్డి గుంతలు తోడే పంపు తయారుచేశావని, నీళ్ల తొట్టెలో పెడితే చకచకా బకెట్లు నిండాయని మీ అమ్మ ఫోన్లో చెప్పి మురిసిపోయింది. సంతోషం. కానీ ఇల్లు అలకగానే పండగ కాదురా. ఇన్నేళ్లు ఊళ్లలో బోరింగులు బాగుచేసినవాణ్ణి చెబుతున్నాను, నీళ్లు తోడడం ఏ పంపుకైనా తేలికే. గుంతలో ఉండేది నీళ్లు కాదు.

అలాగని తిన్నగా ఎవరింటి గుంత దగ్గరికో పోకు. అందులో నులిపురుగుల గుడ్లుంటాయి, కామెర్లు తెచ్చే క్రిములుంటాయి. కొత్త పంపు చిమ్మకుండా ఉండదు. పైగా ఒక గుంతలో సరుకు పక్కింటి గుంతలో ఉండదు. నిన్న ఒకచోట, ఇవాళ ఇంకోచోట పెట్టి చూస్తే, వాల్వు మార్చినందుకు పంపు బాగా తోడిందో, బురద పల్చగా ఉన్నందుకు తోడిందో ఎలా తేలుతుంది? అందుకే ఈ పంపులు చేసేవాళ్లు ముందు నకిలీ బురద కలుపుకుంటారు. చైనా క్లే అనే తెల్లటి మెత్తని మట్టి, కంపోస్టు, నీళ్లు, ముఖ్యంగా ఇవే.

విజయనగరంలో చైనా క్లే దొరక్కపోతే చెరువు జిగురుమట్టి ఎండబెట్టి, దంచి, జల్లెడ పట్టు. అన్నీ తూకం వేసి కలుపు, చేటలతో, దోసిళ్లతో వద్దు. ముందురోజు సాయంత్రమే నానబెట్టు, మట్టి నీళ్లు పీల్చుకోవడానికి టైం పడుతుంది. తవుడు మాత్రం కలపకు, మన ఎండలకి రెండు రోజుల్లో పులిసి పొంగుతుంది. తొట్టె మీద తడి గోనె కప్పకపోతే మధ్యాహ్నానికే పైన పొర కడుతుంది, పొద్దుటి లెక్క సాయంత్రానికి పనికిరాదు.

చిక్కదనం కంటితో చూసి చెప్పకు. నాలుగంగుళాల పీవీసీ పైపు ఆరంగుళాల ముక్క కోసి, పలక మీద నిలబెట్టి, బురద నింపి, పైపుని నిటారుగా పైకి లాగు. ముద్ద ఎంత కుంగిందో స్కేలుతో కొలువు. కాంక్రీటుకి మేస్త్రీలు చేసే పరీక్షే ఇది. నాలుగంగుళాలకు పైగా కుంగితే పల్చన, రెండంగుళాలైతే మధ్యరకం, అరంగుళం మాత్రమే కుంగితే గట్టిది. సోంపేట, కవిటి వైపు వానాకాలంలో నీరు పైకొచ్చి గుంత చోడంబలిలా ఉంటుంది. ఎండాకాలంలో బొబ్బిలి మెట్ట ఊళ్లలో అడుగున గట్టిపడి గడ్డపారకి కూడా లొంగదు. మూడు రకాలూ తోడి చూడు. గట్టిదాన్ని ఒకసారి కదపకుండా, ఒకసారి నీళ్లు పోసి కలియబెట్టి తోడు. కలిపితే బురద లొంగుతుంది, ఊరికే ఉంచితే మళ్లీ బిగుస్తుంది. ఆ తేడా పుస్తకంలో రాసుకో.

ఇక చెత్త. పంపుల్ని ఆపేది బురద కాదు, మనుషులు దొడ్లో పడేసేవి. గుడ్డపీలికలు, ప్యాడ్లు, గుట్కా కవర్లు, జుట్టు. జుట్టు బదులు నెల్లిమర్ల వైపు దొరికే గోగునార కత్తిరించి వెయ్యి. గుడ్డలు ఒకే కొలతకి కోసి, లెక్కపెట్టి వెయ్యి. ఎన్ని బయటికొచ్చాయి, ఎన్ని వాల్వులో ఇరుక్కున్నాయి, దాన్ని విప్పి తీయడానికి ఎంతసేపు పట్టిందో చూడు. నా మటుకు, నిమిషానికి రెండు లీటర్లు ఎక్కువ తోడే పంపు కన్నా, ఇరుక్కుంటే రెండు బోల్టులతో విప్పుకునే పంపే మంచిది. బోరింగులో పెట్టే తోలు వాషర్ ఇందులో పెట్టకు, ఇసుక దాన్ని బతకనివ్వదు.

ఈ నకిలీ బురద పోసే గుంత కోసం సిమెంటు రింగులు భూమిలో పాతకు. నేల మీదే ఒకదానిపై ఒకటి పేర్చి, సందులు సిమెంటుతో పూడ్చి, పక్కన మంచె కట్టి పైనుంచి తోడు. అడుగున ఒక కన్నం, దానికి బిరడా. కడగడం సులువు. పైనుండి పీల్చే పంపైతే, నీళ్లనే ఏడు మీటర్లకు మించి లాగడం కష్టం, బురదైతే ఇంకా తక్కువ. గల్పర్ అనే చేతిపంపులో అడుగు వాల్వు బురదలోనే మునిగి ఉంటుంది, ఆ పద్ధతి ఒకసారి చూడు.

ఇవన్నీ తేలాకే అసలు గుంత. అప్పుడు కూడా పైపు ఇరుక్కుంది కదా అని మనిషిని దింపకు. గుంతలో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు మోతాదు పెరిగితే ముక్కు పనిచెయ్యడం మానేస్తుంది, వాసన లేదు కాబట్టి ఫరవాలేదనుకునే మనుషులు పోతారు. మనుషులతో మలం ఎత్తించే పనిని ఆపిన 2013 చట్టం, రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మురుగు కాలువల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి దింపడాన్ని కూడా నిషేధించింది. మురుగు పనుల్లో చనిపోతే 10 లక్షలు ఇవ్వాలన్న సుప్రీంకోర్టు 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. రెండు గుంతల దొడ్డి అయితే నిండినదాన్ని మూసి రెండేళ్లు వదిలేస్తే ఎరువవుతుంది, నీ పంపుతో పనే లేదు. ఒంటి గుంత ఉన్న ఇళ్లే వెతుక్కో.

మిగిలిన బురద కాలువలో పొయ్యకు, మట్టి పేరుకుని కాలువ పూడిపోతుంది. ఎండబెట్టుకుంటే మళ్లీ పనికొస్తుంది. తూకానికి మీ అమ్మ వంటింటి కాటా తీసుకెళ్లకు, వేరే కొనుక్కో.

ఇట్లు,
పెదనాన్న