జీతంలో 90 కోస్తున్నారు, జబ్బు చేస్తే ఏమొస్తుంది?

ప్రశ్న: భీమవరం దగ్గర రొయ్యల ఫ్యాక్టరీలో రెండేళ్ళుగా వలిచే పని చేస్తున్నానండి. జీతం 12,000. కార్మికుల బీమా ఈఎస్‌ఐకని నెలకు 90 రూపాయలు కోస్తారు. నవంబరులో టైఫాయిడ్ వచ్చి 20 రోజులు మానేశాను. ఆ రోజులకేమీ రాదంటున్నాడు కాంట్రాక్టరు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, ఉండి

జవాబు: అది తేల్చాల్సింది కాంట్రాక్టరు కాదు, ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసు. మీ వంతు 0.75 శాతం, అంటే 90. దానికి తోడు యాజమాన్యం 3.25 శాతం, 390 రూపాయలు కట్టాలి. కాంట్రాక్టరు ఎగ్గొడితే ఫ్యాక్టరీదే బాధ్యత.

నవంబరు జబ్బుకు లెక్క చూసేది అంతకుముందు ఏడాది అక్టోబరు 1 నుంచి జబ్బు చేసిన ఏడాది మార్చి 31 వరకు. ఆ ఆరు నెలల్లో మీకు 78 రోజుల జీతానికి చందా పడి ఉండాలి. రొయ్యల పనివాళ్ళకు తేడా కొట్టేది ఇక్కడే. సరుకు పలచబడి వారానికి మూడు రోజులే పిలిచారనుకోండి, 26 వారాలకు సరిగ్గా 78. సంక్రాంతికి ఒక్క వారం మానేస్తే 75! దానికితోడు మస్టరులో రోజులు తగ్గించి చూపే ఘనులూ ఉంటారు. అందుకే మీ పది అంకెల ఇన్సూరెన్సు నంబరుతో కేంద్ర ప్రభుత్వపు ఉమంగ్ యాప్‌లో చందా రోజులు అప్పుడప్పుడూ చూసుకోండి.

78 ఉంటే, మొదటి రెండు రోజులు వదిలేసి మిగతా 18 రోజులకు సగటు రోజుకూలిలో 70 శాతం ఇస్తారు. నెలకు 26 రోజుల పని అనుకుంటే రోజుకు సుమారు 320. ఏడాదికి 91 రోజులు దాటి ఇవ్వరు.

చిక్కల్లా సర్టిఫికెట్‌తోనే. అది ఈఎస్‌ఐ డాక్టరు ఇవ్వాలి. మీరు ప్రైవేటులో చూపించుకుని ఉంటే ఆ చీటీ ఒక్కటే చాలదు. రక్తపరీక్ష రిపోర్టులు, మందుల బిల్లులు కలిపి బ్రాంచి ఆఫీసులో అడగండి. ఒప్పుకోవడం, మానడం వాళ్ళ చేతిలో ఉంది. ఈసారి జ్వరం తగిలితే ముందు ఈఎస్‌ఐ డిస్పెన్సరీకే వెళ్ళండి. సర్టిఫికెట్ ఉన్న రోజుల్లో షిఫ్టుకు మాత్రం పోవద్దు, ఆ రోజు డబ్బు పోతుంది.

ప్రశ్న: పనిలో చేరి నెలే అయింది. ఫ్యాక్టరీకి పోతుంటే ఆటో బోల్తాపడి చెయ్యి విరిగింది. నాకూ 78 రోజులుండాలా?
– ఆకివీడు నుంచి

జవాబు: అక్కర్లేదు. ఇంటికీ పనికీ మధ్య దారిలో తగిలిన దెబ్బ కూడా పనిలో తగిలిన దెబ్బ కిందికే వస్తుంది. కూలిలో 90 శాతం మొదటి రోజు నుంచే ఇస్తారు. కాకపోతే పనికి వెళ్ళే దారిలోనే, ఆ వేళకే జరిగిందని తేలాలి. యాజమాన్యంతో ప్రమాదం రిపోర్టు వెంటనే పంపించండి. పోలీసు గొడవెందుకులే అని ఆస్పత్రిలో ‘ఇంట్లో జారిపడ్డాను’ అని మాత్రం రాయించకండి.